గట్టి చేవ కలపతో గిటార్ చేయవచ్చునా? పక్క పట్టీలు ఎందుకు విరుగుతాయి, బ్రిడ్జి ఎందుకు ఊడుతుంది?

కనిగిరి దగ్గరి పల్లె నుంచి, ఇంటి సామాన్ల వడ్రంగం చేసే మిత్రుడొకరు అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది. తాతగారి కాలపు మిద్దె విప్పినప్పుడు దిగిన రెండు యేపి దూలాలు, ఒక పాత జిట్రేగి (ఇండియన్ రోజ్‌వుడ్) పట్టెమంచం ఆయన దగ్గర ఉన్నాయి. వాటితో అకూస్టిక్ గిటార్ చేయాలని మొదలుపెట్టారు. యేపి మీద చిత్రిక పట్టినప్పుడల్లా చెక్క పెచ్చులుగా లేచిపోయింది, గిటారు చుట్టూ గోడలా నిలిచే పక్క పట్టీలు వంచుతుండగా రెండు విరిగాయి, తీగల కింది కొసలను పట్టి ఉంచే బ్రిడ్జి అతికించిన నెలకే లేచింది. "ఇంత గట్టి కలప గిటారుకు పనికిరాదా, లేక నా చేతి పనిలోనే లోపమా?" అని ఆయన సందేహం.

సూటిగా చెప్పాలంటే, జిట్రేగి భేషుగ్గా పనికివస్తుంది. యేపి వెనుక పలకకు పనికివస్తుంది గాని, మొదటి గిటారుకు దాన్ని ఎంచుకోవద్దు. తీగల కింద ఉండే పైపలకకు మాత్రం ఈ రెండింటిలో ఏదీ పనికిరాదు. మీ చేతి పనిలో లోపం ఉన్నట్టు నాకు తోచలేదు. తలుపులు, మంచాలు చేసే కొలతలతోను, జిగురుతోను గిటార్ చేశారు, అంతే. గట్టి కలపతో వచ్చే కష్టం దాని గట్టితనం కాదు. తేమ విషయంలో, జిగురు విషయంలో, మందం విషయంలో అది మన పొరపాటును మన్నించదు. టేకు మన్నిస్తుంది, వేప కొంత మన్నిస్తుంది. యేపి వంటి చేవకలప ఆ పని చేయదు.

నేను నెల్లూరులో ఇరవై రెండేళ్లుగా తీగవాద్యాల మరమ్మతు చేస్తున్నాను. సొంతంగా చేసిన గిటార్లు నలభైకి మించవు. వాటిలో మొదటి ఆరింటిని మళ్లీ విప్పవలసి వచ్చింది కాబట్టి, కింద రాసేదాంట్లో చాలా భాగం ఆ ఆరింటి పుణ్యమే.

ముందు బరువు సంగతి. గిటారులో మోగేది ముఖ్యంగా పైపలక. అందుకే దానికి ఘనమీటరుకు 400 నుంచి 450 కిలోలు తూగే స్ప్రూస్ వంటి తేలికైన కలప వాడతారు. జిట్రేగి సుమారు 830 కిలోలు తూగుతుంది. యేపి వెయ్యి దాటుతుంది, ముక్క నీళ్లలో వేస్తే మునుగుతుంది. పెద్ద సైజు గిటారుకు వెనుక పలక, పక్క పట్టీలు కలిపి సుమారు 0.31 చదరపు మీటర్ల చెక్క పడుతుంది. అన్నీ 2.2 మిల్లీమీటర్ల మందాన చేస్తే జిట్రేగితో దాదాపు 570 గ్రాములు, యేపితో 740 గ్రాములు అవుతుంది. మొత్తం గిటారే రెండు కిలోల చిల్లర కాబట్టి, ఆ 170 గ్రాముల తేడా ఒళ్లో పెట్టుకున్నవాడికి తెలుస్తుంది. వెనుక పలక బరువుగా, బిగువుగా ఉంటే పైపలక శక్తిని అది తక్కువగా మింగుతుంది, స్వరం ఎక్కువసేపు నిలుస్తుంది. అంతవరకు నిజమే. అయితే ఆ మాటను పట్టుకుని, కలప ఎంత గట్టిదైతే గిటార్ అంత గొప్పదనుకోవడం పొరపాటు. స్పెయిన్ దేశపు ఆంటోనియో డి టోర్రెస్ 1862లో వెనుక భాగాన్నీ పక్కలనూ కాగితపు గుజ్జుతో చేసి, పైపలకను మాత్రం మంచి కలపతో చేసి గిటార్ మోగించి చూపాడు. మన బొబ్బిలి, నూజివీడు వీణలు చేసేవారు కూడా బండగట్టి కలప జోలికి పోకుండా పనసనే నమ్ముకున్నారు కదా.

ఇక మీ దగ్గరున్న సరుకు. పట్టెమంచం తలవైపు పలక వెడల్పుగా ఉంటుంది, చాలా ఏళ్లుగా ఆరి ఉంటుంది, అది మీ అదృష్టం. దక్షిణాది జిట్రేగిని తక్కువ చేసి చూడకండి. బ్రెజిల్ తన రోజ్‌వుడ్ దుంగల ఎగుమతిని బిగించాక, అమెరికాలోని మార్టిన్ సంస్థ 1969లో తన గిటార్లకు మన జిట్రేగినే తీసుకుంది. పలక వెడల్పు చాలకపోయినా దిగులు పడనక్కరలేదు. వెనుక పలకకు రెండు ముక్కలే ఉండాలన్న నియమం లేదు. అదే సంస్థ 1965లో తెచ్చిన డి-35 మోడలుకు మూడు ముక్కల వెనుక పలకే ఉంటుంది. వెడల్పాటి రోజ్‌వుడ్ దొరక్క చేసిన సర్దుబాటు అది, తరువాత అదే దాని గుర్తుగా మారింది. ఉదయగిరి చెక్క గరిటెలు చేసేవారు వాడే బిక్కి, నర్ది, కలది కూడా గట్టి కలపలే, చూడ ముచ్చటైనవే. కాని ఆ చెట్లలో గిటారుకు కావలసిన వెడల్పు రాదు. నట్టుకో (మెడ పైకొసన తీగలు ఆనే ముక్క), తీగలను బ్రిడ్జిలో బిగించే పిన్నులకో చిన్న ముక్కలు అడిగి తెచ్చుకోవచ్చు.

దూలాలను కోయించే ముందు ప్రతి అంగుళాన్నీ అయస్కాంతంతో తడమండి. పాత మిద్దెల దూలాల్లో విరిగిన మేకులు లోపలే ఉండిపోతాయి. పైకి కనపడేది నల్లటి మచ్చ మాత్రమే, ఎందుకంటే ఇనుము కలపలోని వగరుతో కలిసి నల్లబడుతుంది. ఒకసారి ఆ మచ్చను కలప అందమనుకుని కోత మిల్లుకు పంపాను. రంపపు పట్టీ తెగి మిల్లు అరపూట ఆగింది, మిల్లు యజమాని మళ్లీ నా దూలాన్ని లోపలికి రానివ్వలేదు. మరొక మాట. అడితిలో ఉండే పెద్ద రంపం ప్రతి కోతకూ మూడు మిల్లీమీటర్ల చెక్కను పొట్టు చేస్తుంది. నాలుగు మిల్లీమీటర్ల పలకలు కావాలంటే మీ సొమ్ములో దాదాపు సగం పొట్టే అవుతుంది. సన్నపు బ్యాండ్‌సా ఉన్న చోటు వెతుక్కోండి, కొత్తగా పదును పెట్టిన పట్టీనే వేయమనండి, మెల్లగా తోయమనండి. మొద్దు పట్టీ గట్టి కలపలో దారి తప్పి వంకరగా పోతుంది.

కోయించేటప్పుడు వార్షిక వలయాలు పలక ముఖానికి నిలువుగా వచ్చేలా కోయించాలి. పలక చివర చూస్తే గీతలు నిట్టనిలువుగా నిలబడి కనపడాలి. ఎందుకంటే కలప వలయాల వెంబడి, అంటే చుట్టు దిశలో, ఎక్కువగా ముడుచుకుంటుంది. వలయాలకు అడ్డంగా, అంటే నడిబొడ్డు నుంచి బెరడు వైపుగా, సుమారు అందులో సగమే ముడుచుకుంటుంది. జిట్రేగి పచ్చిగా ఉన్నప్పటి నుంచి పూర్తిగా ఆరేదాకా వలయాలకు అడ్డంగా 2.7 శాతం, వలయాల వెంబడి దాదాపు 6 శాతం తగ్గుతుంది. ఆఫ్రికా ఎబొనీ అనే నల్లటి గట్టి కలప వలయాలకు అడ్డంగానే 8 శాతం దాకా తగ్గుతుంది. ఈ అంకెలు చదివి వదిలేయకుండా ఒకసారి మన ఊరి వాతావరణానికి అన్వయించి చూడండి.

నెల్లూరు, ఒంగోలు తీరంలో ఈశాన్య రుతుపవనాలు నడిచే అక్టోబరు నుంచి డిసెంబరు వరకు గాలిలో తేమ తరచుగా 80 శాతం ఉంటుంది. ఆ గాలిలో ఉన్న చెక్క తన బరువులో సుమారు 16 శాతం నీటిని పట్టుకుని ఉంటుంది. ఆ గిటార్ ఎండాకాలంలో ఏసీ గదికో, ఏప్రిల్ నెల హైదరాబాదుకో చేరితే అందులోని నీరు 10 శాతానికి, ఇంకా కిందికి దిగుతుంది. ఆరు శాతం నీరు పోయిందనుకుందాం. 400 మిల్లీమీటర్ల వెడల్పున్న జిట్రేగి వెనుక పలక 2 మిల్లీమీటర్ల పైచిలుకు తగ్గాలని చూస్తుంది. అదే ఎబొనీ అయితే 6 మిల్లీమీటర్లు దాటుతుంది. కాని లోపల అడ్డంగా అతికించిన బద్దలు పొడవు దిశలో ముడుచుకోవు, అవి పలకను తగ్గనివ్వవు. తగ్గడానికి వీలులేని పలక పగులుతుంది. నా నాలుగో గిటారును నవంబరులో, బయట ముసురు పట్టి ఉండగా బద్దలతో బిగించాను. అది హైదరాబాదు వెళ్లి, మార్చిలో వెనుక పలక మధ్య అతుకు పక్కన జానెడు చీలికతో తిరిగివచ్చింది. కొన్న కుర్రాడు ఎండలో పెట్టి ఉంటాడని నేను, నా పనే బాగాలేదని అతను చాలాసేపు వాదించుకున్నాం. తప్పు నాదే.

ఆనాటి నుంచి బద్దలు అతికించే పని తేమ 45 నుంచి 50 శాతం మధ్య ఉన్నప్పుడే చేస్తున్నాను. చిన్న గది, ఒక ఏసీ, గోడకు తేమ కొలిచే మీటరు ఉంటే చాలు. అది కుదరకపోతే పాత బీరువాలో 60 వాట్ల బల్బు వెలిగించి, మీటరు లోపల పెట్టి, పలకలను మూడు నాలుగు వారాలు అందులో ఉంచి, తీసిన వెంటనే అతికించండి. బల్బుకు పలక తగలకుండా చూసుకోండి. రోహిణి కార్తెలో పడమటి గాలి వీచే మధ్యాహ్నాలు బీరువా లేకుండానే ఆ పని చేస్తాయి గాని, సాయంత్రం సముద్రపు గాలి తిరిగేసరికి లెక్క మారిపోతుంది. అందుకని ఒక్క పూట మీటరును నమ్మవద్దు.

దూలం ఎంత పాతదైనా కోసిన వెంటనే పని మొదలుపెట్టకూడదు. పై రెండంగుళాలు ఎండినా, నడిమి భాగంలో తేమా బిగువూ మిగిలే ఉంటాయి. నాలుగు మిల్లీమీటర్ల పలకలుగా కోయించి, వాటి చివర్లకు మైనమో పెయింటో పూసి, మధ్య మధ్య సమానమైన పుల్లలు పెట్టి, పైన బరువు ఎత్తి నీడన పేర్చండి. ఒక పలక మీద తేదీ, బరువు పెన్సిలుతో రాసుకుని నెలకోసారి వంటింటి త్రాసులో తూచండి. వరుసగా మూడు నెలలు బరువు మారకపోతే ఆరినట్టు లెక్క. యేపికి నేనైతే ఒక ఏడాది, అంటే ఒక వానాకాలం, ఒక ఎండాకాలం పూర్తిగా దాటనిస్తాను. మెలి తిరిగే పలకలు ఆ ఏడాదిలోనే తిరుగుతాయి, మీ గిటారులోకి వచ్చాక తిరగవు.

చిత్రిక కింద పెచ్చులు లేవడానికి కారణం యేపి నార ఒకే వైపు నడవకపోవడమే. వేలెడు వెడల్పులో ఒకవైపు, పక్క వేలెడులో ఎదురువైపు వాలి ఉంటుంది. ఏ దిక్కున తోసినా ఎక్కడో ఒకచోట ఎదురు తగులుతుంది. మామూలు చిత్రికలో ఉలి 45 డిగ్రీల వాలున ఉంటుంది. ఇటువంటి కలపకు 55 నుంచి 60 డిగ్రీలు కావాలి, అప్పుడు అది చెక్కను లేపకుండా గీరుతుంది. ఉలి అంచును 25 డిగ్రీల సన్నపు పదునుకు బదులు 30, 35 డిగ్రీలకు నూరండి, లేకుంటే అంచు మురుకులా విరుగుతుంది. నేను నూరడానికి చీమకుర్తి గ్రానైటు కోతలో మిగిలిన నున్నటి బండముక్క వాడతాను. దాని మీద తడిపిన ఉప్పుకాగితం పరిచి నూరితే ఉలి వీపు అద్దంలా వస్తుంది. బ్రిడ్జి అడుగు చదును చేయడానికీ అదే బండ. చివరి మందానికి అర మిల్లీమీటరు ముందే చిత్రిక ఆపి, ఉక్కు గీరుడు రేకుతో ముగించండి. మా గురువుగారు పగిలిన గాజుపెంకుతో గీరేవారు. పని బాగానే వచ్చేది గాని, ఆయన బొటనవేలి మీది గాట్లను చూసి నేను రేకు కొనుక్కున్నాను.

పక్క పట్టీలు విరగడానికి అసలు కారణం మీ ఉత్తరంలోనే ఉంది. మూడు మిల్లీమీటర్ల పట్టీని వంచానని రాశారు. పట్టీ బిగువు మందం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. రెండు మిల్లీమీటర్ల పట్టీతో పోలిస్తే మూడు మిల్లీమీటర్ల పట్టీ దాదాపు మూడున్నర రెట్లు మొండికేస్తుంది. జిట్రేగిని 2 మిల్లీమీటర్లకు, యేపిని 1.8కి దించండి. పట్టీని అంచు మీద నిలబెట్టి చూసి, నార పట్టీ పొడవునా సాగకుండా అర్ధంతరంగా ముఖం మీదికి వచ్చి ఆగిపోతుంటే ఆ పట్టీని పక్కన పెట్టేయండి, ఎంత అందంగా ఉన్నా అక్కడే విరుగుతుంది. పట్టీని ఆనించి వంచే వేడి గొట్టం 150, 160 డిగ్రీల దగ్గర ఉండాలి. థర్మామీటరు లేకపోతే నీటిచుక్క వేసి చూడండి, దోసెపెనం మీద మాదిరి చిందులు వేయాలి. పట్టీని నానబెట్టవద్దు, తడిగుడ్డతో తుడిస్తే చాలు. నీరు ఎక్కువైతే పట్టీ అడ్డంగా దొప్పలా ముడుచుకుంటుంది. వంపుకు బయటివైపు పలుచని స్టీలు రేకు పట్టీ ఆనించి, రెంటినీ కలిపి పట్టుకుని వంచండి. సాగి చిట్లేది బయటి ముఖమే కాబట్టి రేకు దాన్ని కాపుకాస్తుంది. ముందుగా సన్నని నడుము వంపు తీసి, తరువాత పెద్ద వంపులకు పోవాలి. కలప మెత్తబడిన క్షణం చేతికి తెలుస్తుంది. దాని ముందు బలవంతం చేస్తే విరుగుతుంది, అది దాటాక ఆలస్యం చేస్తే మాడుతుంది. జిట్రేగిలోని జిడ్డు ఇక్కడ మీకు సాయపడుతుంది. యేపితో నాకు మూడు పట్టీల్లో ఒకటి ఇప్పటికీ పోతుంది.

అదే జిడ్డు అతికించేటప్పుడు శత్రువు. గట్టి కలప ముఖం కోసిన కొన్నాళ్లకు గాలి తగిలి మూసుకుపోతుంది, జిగురు లోపలికి దిగదు. అందువల్ల అతికించే ముఖాన్ని అప్పటికప్పుడు గీరి, అసిటోనుతో తుడిచి, తడి ఆరిన వెంటనే జిగురు రాయాలి. పొద్దున గీరి సాయంత్రం అతికిస్తే గీరిన ఫలం ఉండదు. క్లాంపులు బిగించేటప్పుడు కండబలం చూపవద్దు. మూసుకున్న ముఖాల మధ్య నుంచి జిగురంతా బయటికి కారిపోయి అతుకు ఎండిపోతుంది.

మీ బ్రిడ్జి లేవడానికి రెండో కారణం జిగురు రకం. మంచాలకు వాడే మామూలు తెల్ల జిగురు గట్టిదే, కాని ఎడతెగని లాగుడుకు అది అంగుళంలో వెంట్రుకంత చొప్పున జారుతూ ఉంటుంది, వేడికి మెత్తబడుతుంది. సన్న తీగల గిటారులో ఆరు తీగలూ కలిసి 70 కిలోలకు పైగా లాగుతుంటాయి. మే నెలలో మూసిన కారు లోపల ఎంత వేడి పుడుతుందో మనకు వేరే చెప్పనక్కరలేదు. నేను చేసిన మూడో గిటార్ కావలి నుంచి తిరిగివస్తూ కారు వెనుక సీటులోనే బ్రిడ్జి వదిలేసింది. బ్రిడ్జికి సరేసు (పశువుల తోలుతో కాచే జిగురు) గాని, ఎండాక గట్టిగా బిగిసే పసుపు రంగు వడ్రంగి జిగురు గాని వాడండి. జిడ్డు మరీ ఎక్కువున్న ముక్కకు ఎపాక్సీ వాడవచ్చు, కాని రేపు మరమ్మతు చేసేవాడు మిమ్మల్ని తిట్టుకుంటాడు. బ్రిడ్జిని యేపితో చేయాలన్న కోరిక మానుకోండి. జిట్రేగి బ్రిడ్జి 25 గ్రాముల దగ్గర తూగుతుంది, అదే కొలతకు యేపిది 30 దాటుతుంది. పైపలక మీద ప్రతి గ్రాముకూ లెక్క ఉంటుంది, బరువైన బ్రిడ్జి పైపలక నోరు నొక్కేస్తుంది.

మెడ మీద వేళ్లతో తీగలు నొక్కే పలక, అంటే ఫింగర్‌బోర్డుకు మాత్రం గట్టి కలపే కావాలి, యేపికి తగిన చోటు అదే. బాగా ఆరిన ముక్కనే తీసుకోండి. 56 మిల్లీమీటర్ల వెడల్పున్న ఎబొనీ బోర్డు పై లెక్క ప్రకారం ఎండాకాలంలో దాదాపు ఒక మిల్లీమీటరు తగ్గి, ఫ్రెట్ల (బోర్డులో అడ్డంగా దిగేసే లోహపు కమ్మీల) కొనలు బయటికి పొడుచుకువచ్చి అరచేతిని గీరుతాయి. ఫ్రెట్ గాడి మరీ బిగువుగా ఉంటే గట్టి కలప నలగదు, ఇరవై ఫ్రెట్లూ ఇరవై మేకుల్లా లోపలికి దిగి మెడను వెనక్కి వంచేస్తాయి. గాడి పెదవులను మూడంచుల ఆకురాయితో ఒక్కసారి తాకిస్తే ఫ్రెట్ దిగేటప్పుడూ, ఎప్పుడైనా పీకేటప్పుడూ పెచ్చులు లేవవు.

పొడి విషయంలో అశ్రద్ధ వద్దు. గట్టి కలప పొడి చాలా సన్నగా ఉంటుంది, గాలిలో గంటల తరబడి నిలుస్తుంది. కలప పొడిని క్యాన్సరు కారకాల జాబితాలో చేర్చి చాలా కాలమైంది. జిట్రేగి పొడి కొందరికి ఒళ్లంతా దద్దురు తెప్పిస్తుంది. బిల్లుడు కలప ఇంకా మొండిది. ఒకే ఒక్క బిల్లుడు వెనుక పలకను ఉప్పుకాగితం పట్టినందుకు నా మోచేతులు పదిహేను రోజులు మండాయి. గుడ్డ కట్టుకుంటే చాలదు, ముక్కుకు అమరే ఎన్95 మాస్కు వేసుకోండి.

ఎర్రచందనం గురించి మీరు అడగలేదు గాని, మన ప్రాంతంలో గిటార్ చేస్తానన్న ప్రతివాడికీ ఎవరో ఒకరు ఆ ముక్క చూపిస్తారు కాబట్టి చెబుతున్నాను. జపానులో షామిసెన్ మెడకు వాడేంత మంచి వాద్యపు కలప అది, నిజమే. అయినా కాగితాలు లేని ముక్కను ఇంట్లోకి రానివ్వకండి. అది 1995 నుంచి సైటిస్ (అంతరించే ముప్పున్న జీవజాతుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం) రెండో అనుబంధంలో ఉంది. అటవీశాఖ అనుమతితో, రవాణా పత్రాలతో వచ్చినదాన్ని తప్ప మరి దేన్నీ తీసుకోకండి. జిట్రేగితో సహా డాల్బర్జియా జాతులన్నీ 2017 జనవరిలో ఆ అనుబంధంలోకి వచ్చాయి. 2019 నవంబరులో తయారైన వాద్యాలకు మినహాయింపు దొరికింది. అయినా మీ పట్టెమంచాన్ని విప్పక ముందే నాలుగు ఫొటోలు తీసి దాచుకోండి. కలప ఎక్కడిదని రేపు కొనేవాడో, అటవీ తనిఖీవారో అడిగితే చూపడానికి ఉంటుంది.

పాలిష్ సంగతి కొద్దిగా. జిట్రేగి జిడ్డు మీద నేరుగా వార్నిష్ వేస్తే వారమైనా బంకబంకగానే ఉంటుంది. ముందు చపడా లక్కను స్పిరిట్‌లో కరిగించి రెండు పూతలు పలుచగా వేసి, ఆ తరువాత మీకు నచ్చింది వేయండి. అయితే జిట్రేగి రంగు స్పిరిట్‌లో కరుగుతుంది. గుడ్డను వెనుక పలక నుంచి పక్కల మీదుగా పైపలక అంచు దాకా లాగితే తెల్లటి స్ప్రూస్ మీద ఊదా మరక పడుతుంది, గీరినా పోదు. అంచు నుంచి లోపలికి తుడవాలి, ప్రతి కొత్త పూతకూ గుడ్డ మార్చాలి.

మీ తరువాతి అడుగుగా నేను సూచించేది ఇది. జిట్రేగి పలకతో వెనుక భాగం, పక్కలు, బ్రిడ్జి చేయండి. పైపలకకు స్ప్రూస్ కొనండి, మెడకు తేలికైన మహాగని చాలు. యేపి దూలం నుంచి ఒక్క ఫింగర్‌బోర్డు ముక్క తీసి, మిగతాదాన్ని పలకలుగా కోయించి పుల్లల మీద పేర్చి, తూచడం మొదలుపెట్టండి. విరిగిన రెండు పక్క పట్టీలను పారేయకండి. వాటి విరుపు దగ్గర నార ఎటు వాలి ఉందో వెలుతురులో చూసి, ఫొటో తీసి పంపితే మందంతో పాటు వాలు కూడా కారణమా అన్నది చెప్పగలను.